వల అంచున సీసం

అలివేలుమంగను చంపింది అంచనా. గుండెలో ఉన్న రంధ్రం కాదు, వయసు కాదు, తలరాత అంతకన్నా కాదు. కొలవాల్సిన చోట కొలవకుండా డాక్టర్ కిరణ్ కుమార్ వేసిన అంచనా. ఇందులో ఆవిడ భర్త సూర్యనారాయణరాజుకి సందేహం లేదు. సూర్యుడు ఏ దిక్కున పొడుస్తాడని ఎవరైనా వాదిస్తారా?

కిందటి వారం ఆయన్ని రాజమండ్రిలో, వినియోగదారుల కమిషన్ వరండాలో వదిలి వచ్చాం. ఆ రోజు లోపల డాక్టరు అందరి ముందూ ఒప్పుకున్నాడు. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తోందో కంటికి కనపడదు. ఒళ్ళు నిమిషానికి ఎంత ఆక్సిజన్ ఖర్చు పెడుతోందో తెలియాలి. ఊపిరితిత్తుల్లోకి పోయే రక్తంలో ఆక్సిజన్ ఎంతుంది, తిరిగొచ్చే రక్తంలో ఎంతుంది, ఆ తేడా తెలియాలి. అప్పుడు లెక్క తేలుతుంది. అలివేలుమంగకి రెండు చోట్లా రక్తం తీసి చూశారు. ఖర్చు మాత్రం చూడలేదు. తల చుట్టూ అద్దంలాంటి ప్లాస్టిక్ డొప్ప పెట్టి, పీల్చిందెంతో వదిలిందెంతో పట్టే పరికరం ఆసుపత్రిలో ఉంది. మూలన ఉంది.

"ఆ రోజు పేషెంట్లు ఎక్కువండి. వయసు, ఎత్తు, బరువు చూసి పట్టికలోంచి వేశాం. చాలాచోట్ల అలాగే వేస్తారండి" అన్నాడు డాక్టరు.

రొయ్యల చెరువు చేసేవాడికి ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. చెరువులో ఆక్సిజన్ ఎంతుందో మీటరు ముంచి చూడాలి. నిన్నటంత ఉంటుందిలే అనుకున్నవాడి చెరువులో తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. పట్టిక ఖర్చు ఎక్కువ చూపించింది. దాంతో రక్తం ధారాళంగా పారుతున్నట్టూ, ఊపిరితిత్తుల నాళాలు ఇంకా మెత్తగానే ఉన్నట్టూ లెక్క తేలింది. రంధ్రం మూసెయ్యొచ్చన్నారు. మూశారు. నిజానికి నాళాలు అప్పటికే బిగిసిపోయి ఉన్నాయి. ఎగదన్నే రక్తానికి ఆ రంధ్రమే తూము. తూము మూస్తే గట్టు ఆగుతుందా? కార్తీకం వెళ్ళకుండానే ఆవిడ వెళ్ళిపోయింది.

డాక్టరు ఒప్పుకోలుతో కేసు సగం గెలిచినట్టేనని వకీలు చంకలు గుద్దుకున్నాడు. మిగిలింది రాజు సాక్ష్యం, కూతురు గీతిక సాక్ష్యం. రెండూ రేపే. ఆ సంబరంలో, గీతిక ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్ళిపోవడం ఒక్క రాజే చూశాడు. చూసి ఊరుకున్నాడు.

ఆ గీతిక ఇవాళ మధ్యాహ్నం చెరువు గట్టు మీద నడిచి వస్తోంది. ఆటో కల్వర్టు దగ్గరే ఆగిపోయినట్టుంది. భుజాన బరువైన సంచి. ఎండకి చెంగు నెత్తిన వేసుకుంది. ఆ నడకలో తల్లి కనపడింది ఆయనకి. మొహం తిప్పుకున్నాడు.

చెరువు కాపలాకి వేసుకున్న మకాం ముందు విసురువల చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు రాజు. ఈ పని ఒకప్పుడు చెరువు మీద పనివాడు అబ్రహాము చేసేవాడు. మూడేళ్ళుగా రాజే చేసుకుంటున్నాడు. అరవై దాటిన భుజం వల విప్పారనివ్వదు. అయినా ఇంకొకణ్ణి పెట్టుకోలేదు. ఒకసారి దొంగని పెంచినవాడు రెండోసారి పెంచడు.

"ఏంటి, చెప్పాపెట్టకుండా? బ్యాంకు ఎత్తేశారా?"

"సెలవు పెట్టానండి నాన్నగారూ."

"రేపటికి పెట్టమన్నాను. ఇవాళ్టికి కాదు."

"రేపటికీ పెట్టాను."

"అన్నం తిన్నావా?"

"తిన్నానండి."

"మొహం చూస్తే తెలుస్తోంది ఏం తిన్నావో. లోపల కేరేజీలో పులుసన్నం ఉంది. తినేసి మాట్లాడు."

గీతిక కదల్లేదు. ఆయన వల విసిరాడు. అది గుండ్రంగా పడలేదు, కోడిగుడ్డులా పడింది. లాగి, పడ్డ రొయ్యల్ని బకెట్లో వేసి, నీళ్ళు వార్చి, మకాం అరుగు మీదున్న కాటా పళ్ళెంలో పోశాడు. వేలితో ఒక్కొక్కటీ పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. పెదాలు కదిలాయి. కౌంటు, అంటే కిలోకి ఎన్ని తూగాయో ఆ లెక్క, బాగానే వచ్చినట్టుంది, మొహం కాస్త విప్పారింది.

"చూశావా? ఇలా తూచి చూడాలి. గాల్లో చెప్పకూడదు. రేపు నేను కమిషన్లో ఇదే చెప్తాను. అయ్యా, నేను ఊళ్ళో బడి దాటి చదువుకోలేదు, అయినా నా రొయ్యని తూచి మేత వేస్తాను, ఈయన అంత చదువు చదివి నా భార్యని తూచకుండా కోశాడు, అని."

"చెరువు మొత్తం తూచారా నాన్నగారూ?"

"ఏంటీ?"

"ఒక్క విసురులో పడ్డవాటిని తూచారు. మిగతా చెరువుకి అంచనాయే కదండీ."

రాజు కళ్ళెత్తి చూశాడు. ఇలాంటి ఎత్తిపొడుపు వాళ్ళమ్మ సొత్తు. "రొయ్యకి వేశాను. మనిషికి కాదు. ఇది చెప్పడానికా సెలవు పెట్టుకుని ఇంత దూరం వచ్చావు?"

"కాదండి. రేపు నన్ను ఏం అడుగుతారో తెలుసుకుందామని."

"ఏముంది? మీ అమ్మ పక్కన ఉన్నావా? ఉన్నాను. ఊపిరి కొలిచే డొప్ప తెచ్చారా? తేలేదు. పెట్టారా? పెట్టలేదు. మూడు మాటలు. నీ చదువుకి అదేం బరువు కాదు."

"బరువు గురించి అడిగితేనో?"

"ఏ బరువు?"

"అమ్మ బరువు. పట్టికలో బరువు చూసే వేశామన్నారు కదా డాక్టరుగారు. అమ్మని కాటా ఎక్కించినప్పుడు ఎవరున్నారని వాళ్ళ వకీలు అడిగితే?"

"నువ్వున్నావు. నేను బయట మందులషాపు దగ్గరున్నాను. అడగనీ. కాటా అబద్ధం చెప్తుందా?"

గీతిక సంచి తెరిచింది. అందులోంచి ఓ మూట తీసింది. పాత నూలు చీర చింపిన గుడ్డ, నీలం అంచు. అది అరుగు మీద పెడుతుంటే చెయ్యి ఆపుకోలేకపోయింది. దబ్బున పడింది. కాటా పళ్ళెంలో రొయ్యలు ఎగిరాయి.

రాజు ముడి విప్పాడు. సీసపు గుండ్లు. వేలి కణుపంత ఒక్కోటి, మధ్యలో తాడు దూరే చిల్లు. వలని నీళ్ళలోకి దింపే గుండ్లు. కొన్నవి కావు. ఆయన పోతపోసినవే. అచ్చు ఒక పక్క చిట్లి ఉండటంతో ప్రతి గుండుకీ ఒకేచోట చిన్న నొక్కు. ఆ నొక్కు మీద బొటనవేలు పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

ఆయన మొహం నల్లబడింది. "దొరికాడా! ఆ అబ్రహాముగాడు నీ దగ్గరికి వచ్చాడా? దొంగ వెధవ! ఇన్నాళ్ళకి బుద్ధొచ్చి తిరిగిచ్చాడా? ఎక్కడ ఏడుస్తున్నాడిప్పుడు?"

"ఉప్పాడలో ఉన్నాడట. పడవల మీద పని. సముద్రం వాళ్ళ గోడ దాకా వచ్చేసిందని చెప్పారు." ఒక్క క్షణం ఆగింది. "అబ్రహాము వీటిని తియ్యలేదు నాన్నగారూ."

"మరెవరు తీశారు, దయ్యాలా?"

"అమ్మ తీసింది."

నీటికి గాలి పట్టించే ఏరేటర్లు చెరువులో నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి. రాజుకి ఆ చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు తోచింది.

"మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారు ఏమన్నారో గుర్తుందా? మనిషి మరీ చిక్కిపోయారు, ఈ ఒంటితో పరీక్షకి తట్టుకోలేరు, నాలుగు కిలోలు పెరిగాక తీసుకురండి, అన్నారు. వెనక్కి పంపేశారు."

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? ఆ వారమే పట్టుబడి, చెరువంతా వల లాగి రొయ్యని అమ్మే వారం. ఐసు లారీని ఆపుకుని, మనుషుల్ని ఆపుకుని, ఆవిడని కార్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆవిడ అడిగింది. "కాస్త ఆపుతారా అండీ? నీళ్ళు చూస్తాను. నిండుగా ఉంది గోదారి." ఆయన ఆపలేదు. ఆపకపోగా ఓ మాట అన్నాడు. ఆ మాట ఇప్పుడు కూతురు నోట రాకూడదని ఆయన ఎవరికో మొక్కుకున్నాడు.

వచ్చింది.

"'ఒక పట్టుబడి వదిలేసి వచ్చాను. రెండోసారి రాను' అన్నారట. నేను మాటవరసకి అడిగితే అమ్మ చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. 'మీ నాన్నగారు రానంటే రారే. మళ్ళీ వెనక్కి పంపితే ఆయన మొహం చూడలేను' అంది."

"ఏదో విసుగులో అన్నాను."

"విసుగని అమ్మకి మీరు చెప్పారా?"

రాజు చేతిలో గుండుని మళ్ళీ మూటలో పడేశాడు.

"గుడ్లు తింది. పాలు తాగింది. ఆయాసంతో తిన్నది తిన్నట్టు ఉండేది కాదు. కాటా కదల్లేదు. రెండోసారి బయల్దేరే ముందు రోజు నేను వచ్చేసరికి మేడ మెట్ల కింద కూర్చుని, మీ పాత వల ఒళ్ళో పెట్టుకుని, కత్తిపీటతో అంచు తాడు కోస్తోంది. ఇదేంటమ్మా అన్నాను. ఏమందో తెలుసా?"

"చెప్పు."

"'రొయ్యల్ని ఐసు నీళ్ళలో నానేసి తూకం పెంచే ఇంటికి కోడలిగా వచ్చానే, ఆమాత్రం నేర్చుకోనా?' అంది."

నిజమే. ఆ ఎత్తు ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు? కొనేవాడు కాటాలో నొక్కేస్తాడు, అమ్మేవాడు నీళ్ళలో నానబెడతాడు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పుణ్యాత్ములే. రాజు ఎన్నిసార్లు పళ్ళెంలో నీళ్ళు వారకముందే తూకం ముగించమని అబ్రహాముకి కన్ను గీటలేదు? గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్న అలివేలుమంగ అవన్నీ చూసేది. చూసి ముక్కు మీద వేలేసుకునేది. చివరికి ఆ విద్యని ఒకే ఒక్కసారి వాడుకుంది. తన మీదే వాడుకుంది.

"ఈ గుడ్డలో పోసి నడుముకి కట్టమంది. నేనే కట్టాను. పైన చీర కుచ్చిళ్ళు సర్దాను. కాటా ఎక్కింది. నర్సమ్మ అంకె చూసి 'భలే, ఒళ్ళు చేశారే అమ్మగారూ' అంది. అమ్మ నాకేసి చూసి కన్ను గీటింది. తర్వాత బాత్రూంలో విప్పి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అంతే. ఒక అంకె పెరిగిందనుకున్నాం గాని, ఆ అంకె పట్టుకుని ఆక్సిజన్ లెక్క కడతారని, ఆ లెక్క పట్టుకుని గుండెలో రంధ్రం మూస్తారని మాకేం తెలుసండీ?"

ఆవిడ కన్ను గీటడం ఆయన ఎన్నడూ చూడలేదు. అది కూతురికి దక్కింది. ఇలాంటివి ఇంకెన్ని దక్కాయో.

"నువ్వు కట్టావు" అన్నాడు రాజు.

"కట్టానండి. ఈ చేతుల్తోనే."

"మూడేళ్ళు నోరు మూసుకున్నావు."

"బరువుకీ అమ్మ చావుకీ సంబంధం ఉందని నాకు కిందటి వారం దాకా తెలియదు. గుండ్ల సంగతి మాత్రం అప్పుడే చెబుదామని వచ్చాను. పెద్దకర్మ అయిన మర్నాడు. నేను వచ్చేసరికి మీరు టీ కొట్టు దగ్గర పదిమంది ముందు అబ్రహాముని నిలబెట్టి ఉన్నారు. వాడు 'రాజుగారండీ, నేను ముట్టుకోలేదండీ, మా పిల్లల మీద ఒట్టండీ' అంటున్నాడు. మీరు చెయ్యెత్తారు. అప్పుడు చెప్పాల్సింది. మీ మొహం చూసి భయమేసింది. అమ్మకి ఎందుకు భయమేసిందో అప్పుడు తెలిసింది."

రాజు అరుగు మీద కూలబడ్డాడు. రొయ్యలు పళ్ళెంలో కొట్టుకోవడం మానేశాయి. ఎప్పుడూ శాంపిల్ చూడగానే నీళ్ళలో వదిలేస్తాడు. ఇవాళ వదల్లేదు.

మనిషి కూలబడ్డా మొండితనం కూలబడదు. కాసేపటికి తలెత్తాడు.

"అయినా తప్పు ఆ డాక్టరుదే. ఆ డొప్ప పెట్టి ఊపిరి కొలిచి ఉంటే ఈ సీసం ఏం చేసేది? ఏం చేసేది?"

"ఏం చేసేది కాదండి."

"మరి!"

"డాక్టరుగారే ఆ మాట అన్నారు. కిందటి వారం మెట్లు దిగాక కింద నేనే ఆపి అడిగాను. బరువు తప్పు పడితే లెక్క తప్పుతుందా అని. తప్పుతుందమ్మా అన్నారు. కొలిచి ఉంటే అసలు బరువుతో పనే ఉండేది కాదు, కొలవకపోవడం నా పొరపాటే, అన్నారు. ఎందుకు అడిగావని మాత్రం అడగలేదు."

"ఒప్పుకున్నాడు కదా. ఇంకేం కావాలి?"

"ఇంకోటి కూడా అడిగాను. బరువు సరిగ్గా ఉండి, పట్టికలోంచే వేసి ఉంటే అమ్మ బతికేదా అని." గీతిక చెంగుతో మొహం తుడుచుకుంది. "చెప్పలేనమ్మా అన్నారు. ఆ పట్టిక ఎక్కడి మనుషుల్ని చూసి కట్టారో, మనవాళ్ళకి చాలా తప్పుతుందట. ఒక్కోసారి పావు వంతు దాకా తప్పుతుందట. పట్టిక ఎంత తప్పిందో, బరువు ఎంత తప్పించిందో ఇప్పుడు ఎవరూ విడదీయలేరట."

"అంటే ఎవరు చంపారో తెలియదంటావు."

"తెలియదంటున్నానండి."

"నేనంటావు."

"నేను ఆ మాట అనలేదు నాన్నగారూ."

"అనక్కర్లేదు."

రాజు లేచాడు. పళ్ళెంలో రొయ్యల్ని బకెట్లోకి దులిపి, మూలనున్న నిచ్చెన ఎక్కి, మకాం అటక మీంచి ఏదో లాగాడు. పాత వల. దుమ్ముతో పాటు కిందపడింది. అంచు పొడవునా తాడు కోసిన గాట్లు. పెద్దకర్మ మర్నాడు ఆ వల విసిరితే నీళ్ళ మీద చీరలా తేలిపోయింది. ఒడ్డుకి లాగి అంచు చూసుకుని, వెంటనే దొంగని వెతకబోయాడు గాని, గాట్లని చూడలేదు. ఇప్పుడు చూశాడు. దొంగ అయితే చింపేసి పట్టుకుపోతాడు. ఇవి వల పాడవకుండా ఒక్కో గుండు దగ్గరా ఓపిగ్గా, పొదుపుగా కోసిన గాట్లు. మళ్ళీ కుట్టుకోవడానికి వీలుగా తాడు కొస వదిలిన గాట్లు. ఆ చెయ్యి ఎవరిదో ముప్పయ్యేళ్ళు కాపరం చేసినవాడికి తెలియాలి. అప్పుడు తెలియలేదు.

జేబులో ఫోను మోగింది. వకీలు. చెవిటి చెవి కోసం రాజు ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతాడు.

"రాజుగారూ! రేపు మీరే మొదలండి. నాకో మంచి ఆలోచన వచ్చింది. అసలు బరువు దగ్గర్నుంచే మొదలెడదాం. మొదటిసారి వెళ్ళినప్పటికీ రెండోసారికీ అమ్మగారు ఒళ్ళు చేశారు కదండీ? అంటే మీరు అంత జాగ్రత్తగా చూసుకున్నారన్నమాట. భర్త పెంచి తీసుకెళ్తే డాక్టరు పోగొట్టాడు! ఈ ఒక్క మాట మీ నోట వస్తే చాలు, అవతలివాళ్ళు నోరెత్తలేరు. చెప్తారు కదండీ?"

గీతిక తండ్రి మొహం చూస్తోంది.

"వస్తాను" అన్నాడు రాజు.

"రావడం సరేనండి, ఆ మాట..."

ఫోను కట్టేశాడు.

"నన్ను అడిగితే నేను నిజమే చెప్తాను నాన్నగారూ" అంది గీతిక. "ఇవి కూడా చూపిస్తాను. నా వంతు మీ తర్వాత. మీరే ముందు చెప్పేస్తే నాకు అంత కష్టం ఉండదు. అబ్రహాముకీ పరువు దక్కుతుంది."

ఆయన వినిపించుకున్నట్టు లేదు. కాటా పళ్ళాన్ని పంచె కొంగుతో తుడిచాడు. తడి లేకుండా తుడిచాడు. సీసపు గుండ్లు దోసిళ్ళతో ఎత్తి అందులో పోశాడు. గుడ్డని మాత్రం అందులో వెయ్యలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాటా మీద ఎర్రటి అంకెలు పరిగెత్తి పరిగెత్తి ఆగాయి. వంగి చూశాడు. అలివేలుమంగ ఒంటి మీద లేని బరువు అది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎంతుందండీ?" అంది గీతిక.

రాజు పళ్ళెం ఎత్తేశాడు. అంకె సున్నాకి వచ్చింది.

"రేపు ఏం చెప్తారు నాన్నగారూ?"

రాజు పాత వల ఒళ్ళోకి లాక్కున్నాడు. కోసిన ఓ తాడు కొస పట్టుకుని, చిల్లులోంచి దూర్చి, ఒక గుండుని దాని చోట కట్టడం మొదలెట్టాడు. ముడి జారింది. మళ్ళీ వేశాడు.

"ఈ సీసం సంగతి ఇంక నా నోట రాదు" అన్నాడు తలెత్తకుండా. "నీ దగ్గర రాదు. కమిషన్లో రాదు. రేపో మాపో పైకి పోతే, అక్కడ మీ అమ్మ దగ్గర కూడా రాదు."